కాలగణనము – రాజశాసనము

కాలము రాజునకు కారణమా, రాజు కాలమునకు కారణమా యను ప్రశ్నను శాంతిపర్వమున భీష్ముడు తానే యెత్తి, ఈ విషయమున సంశయము వలదనియు, రాజే కాలమునకు కారణమనియు ధర్మరాజునకు తేల్చి చెప్పెను. దండనీతి సమగ్రముగ నడచునపుడు కృతయుగమును, పాదము లోపించినపుడు త్రేతయు, సగము లోపించినపుడు ద్వాపరమును, పూర్తిగ విడువబడినపుడు కలియు ప్రవర్తించునని యాతని యుపపత్తి. దీనిని రాజస్తుతిగ మాత్రమే వ్యాఖ్యానించుట పౌరాణికులకు వాడుక. కాని యిందొక రాజనీతి సిద్ధాంతము గర్భితమై యున్నది. యుగము గ్రహగతులచేతనే యేర్పడునది గాదు, పాలనముచేతగూడ నేర్పడునని దాని తాత్పర్యము. పాలించువారు ఆ మాటను మఱియొక యర్థమునగూడ నిజము చేసిరి. శకమును నిలుపుట, సంవత్సరాదిని మార్చుట, దినమునకు ఎల్ల కట్టుట రాజ్యాధికారమునకు గుఱుతులైనవి. మన దేశమున స్వదేశరాజులును, తురుష్క ప్రభువులును, ఆంగ్లేయులును, తుదకు మతముతో పొత్తులేని స్వతంత్ర రాజ్యమును ఈ పనిని చేయక మానలేదు.

వైయాకరణుల పక్ష మిందుకు భిన్నము. 'అద్యతనము' అనగా నేటిది. భూతభవిష్యత్తులను నేటివి, నేటివి కానివి అని విభజింపక లకారముల వ్యవస్థ సాగదు. అయినను నేడనగా ఎప్పటినుండి ఎప్పటివఱకో పాణిని చెప్పలేదు. చెప్పకపోవుటయే గాక, కాలపరిభాష శాస్త్రమున విధింపదగినది కాదనియు సూత్రించెను. పూర్వాచార్యులు చేసిన లక్షణములను కాశికాకారు డచట పేర్కొనినాడు. ఉచితవేళ మేల్కొనుట మొదలు ఉచితవేళ పరుండువఱకు అద్యతనమని కొందఱు, ఇరుప్రక్కల సగము రాత్రులతో గూడిన పగలు అద్యతనమని మఱికొందఱు. పాణిని ఈ రెంటిని కాదనలేదు, అవుననలేదు. వ్యాకరణ మెఱుగనివారు కూడ నేడు, నిన్న, రేపు అను మాటలను తప్పులేక వాడుచున్నారు గాన లోకమే ప్రమాణమని యాతని యాశయము. భీష్ముని మతమున కాలమునకు రాజు ప్రమాణము, పాణిని మతమున లోకము ప్రమాణము. మన దేశపు కాలగణన చరిత్ర యంతయు ఈ రెండు మతముల నడుమ జరిగిన పెనుగులాటయే.

శకశబ్దమునే చూడుడు. ఇది మొదట ఒక విదేశజాతికి పేరు. క్రీ. శ. 78 నుండి లెక్కించు అబ్దము శకనృపకాలమని ప్రాచీన శాసనములందు వ్యవహరింపబడినది. ఐహొళె శాసనమునందు భారతయుద్ధమునుండి 3735 ఏండ్లును, శకరాజుల కాలమున 556 ఏండ్లును గడచినవని రెండు లెక్కలును జంటగ నున్నవి, అది క్రీ. శ. 634 ప్రాంతము. తరువాతి శతాబ్దములలో శాలివాహనుని పేరు దీనికి చేరెను. శకులను గెలిచినవాడు శాలివాహనుడనియు, ఆ జయమునకు గుఱుతుగ శకము పుట్టెననియు కథ యల్లబడెను. పరాజితుని పేర నున్న యబ్దమునకు విజేతను కర్తగ చేయుట చరిత్రకు సరిపడదు గాని, ఆ కథ యొక్క యక్కఱ తెలియదగినదే. పరాయిరాజు పెట్టిన లెక్కను విడువలేక, దానిని తమదిగ చేసికొనుటకు లోకము చూపిన యుపాయ మది. పిమ్మట శకశబ్దమునకు జాతి యనునర్థము మఱుగుపడి, అబ్దమను సామాన్యార్థము రూఢమైనది. కనుకనే తెలుగున 'క్రీస్తుశకము' అన్నపుడు ఎవ్వరికిని విరోధము తోపదు. నేడు కొందఱు దానినే 'సామాన్యశక' మని వ్రాయుచున్నారు. పేరు మాఱినను మొదలు మాఱలేదు. (శకపార్థివుని కాలమునకును, సమాసప్రకరణమున వచ్చు శాకపార్థివునకును సంబంధము లేదు. ఈతడు కూరలయందు ప్రీతిగల రాజు మాత్రమే.)

రాజులు స్వశకములను నిలుపుట క్రొత్త కాదు. కళింగమున గాంగరాజులు తమ వంశముపేర నొక యబ్దమును నడపిరి. కల్యాణిచాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుడు 1076లో సింహాసన మెక్కి శకాబ్దమును త్రోసిపుచ్చి చాళుక్యవిక్రమకాలమును ప్రవర్తింపజేసెను. అతని శాసనములందు అదియే లెక్క. ఆ వంశము క్షీణించిన పిమ్మట ఆ యబ్దమును మఱుగుపడెను. త్రోసివేయబడిన శకాబ్దము మరల తలయెత్తెను. అక్బరు 1584లో నెలకొల్పిన ఇలాహీ సంవత్సరమునకును ఇట్టి గతియే పట్టినది. రాజశాసనము శకమును పుట్టింపగలదు గాని బ్రతికింపలేదు.

ఇందుకు ఫసలీ యొక యపవాదము. హిజరీ సంవత్సరము కేవల చాంద్రమానము, 354 దినములది. ఋతువులతో దానికి పొత్తు లేదు. పన్నులు పంటను బట్టి వసూలు కావలెను. కావున హిజరీ 963, అనగా క్రీ. శ. 1556 మొదలుకొని ఏండ్లను సౌరమానమున లెక్కించునట్లు అక్బరు కాలమున నేర్పాటయ్యెను. దక్షిణాపథమున షాజహాను కాలమున, 1636లో, నాటి హిజరీ సంఖ్యయగు 1046తో ఫసలీ ప్రారంభమయ్యెను. నడుమ గడచిన ఎనుబది ఏండ్లలో చాంద్రవర్షము ముందునకు జరిగిపోవుటచేత దక్షిణపు ఫసలీ ఉత్తరపు ఫసలీకంటె రెండేండ్లకు పైగ ఎక్కువ సంఖ్యను చూపును. క్రీస్తుసంవత్సరమునుండి 590 తీసివేసిన దక్షిణపు ఫసలీ వచ్చును. 1636లో హిజరీతో సమానముగ బయలుదేరిన ఈ లెక్క, 2024 జూలైలో 1434 కాగా, హిజరీ 1446కు చేరినది. ఒక్క మూలమునుండి పుట్టిన రెండు లెక్కలు మతమునకొకటి, పన్నునకొకటిగ విడిపోయి పండ్రెండేండ్లు ఎడమైనవి. కాలమున మతమును వ్యవహారమును వేఱుచేయుట యూరోపియనుల వలననే నేర్చితిమనువారు ఈ ఫసలీని పరికింపవలెను. మదరాసు ప్రభుత్వము దానిని నిలుపుకొని 1855 నుండి జూలై 1వ తేదీని వర్షాదిగ చేసెను. హైదరాబాదు రాజ్యమున అక్టోబరు 6వ తేదీన ఆజూరు మొదలు పండ్రెండు పారసీక నామముల నెలలతో నది సర్కారు కార్యములన్నిట నడచినది. కృష్ణకు ఆవల నొక దినమునను ఈవల నొక దినమునను మొదలగుచు, రెండుచోట్లను తెలుగురైతు నోట ఒక్క పేరుతోనే పలుకబడిన యబ్దమిది. ఆంధ్రదేశపు అడంగళ్లలో ఫసలీ నేటికిని కలదు.

ఆంగ్లేయులు రాగా ప్రశ్న స్వరూపము మాఱినది. అంతకుముందు వివాద మబ్దమును గూర్చినది. అటుపిమ్మట కాలమే యెంత పొడవైనదను వివాదము పుట్టినది. సృష్టి క్రీ. పూ. 4004లో జరిగెనని ఆర్చిబిషప్ అషరు బైబిలునుండి గుణించి చెప్పిన లెక్క ఆనాటి ఆంగ్లేయ విద్వాంసులకు సమ్మతము. మన కలియుగాది క్రీ. పూ. 3102, దానికి వెనుక లక్షలకొలది యేండ్ల యుగములు కలవు. ఈ రెండును పొసగవు. సర్ విలియం జోన్సు 1788లో హిందువుల కాలక్రమమును గూర్చి వ్రాసిన వ్యాసమున మనువులను, అవతారములను బైబిలు పురుషులతో సరిపెట్టి మన కాలమును ఆ కాలములోనికి కుదింపజూచెను. ఫ్రాన్సు దేశమున బయ్యీ యను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1787లో మన సిద్ధాంతగ్రంథముల పట్టికలను పరిశీలించి, కల్యాదియందలి గ్రహస్థితి ప్రత్యక్షముగ చూచి వ్రాసినదే యని వాదించెను. ఎడింబరోలో ప్లేఫెయిరు ఆతనిని సమర్థించెను. లాప్లాసు అంగీకరింపలేదు, గ్రహములన్నియు ఆ క్షణమున నిజముగ కూడియుండలేదనియు, అది వెనుకకు గుణించి తెచ్చిన స్థితియనియు ఆతని మతము. నేటి గణితము లాప్లాసు పక్షమే. కాని కలకత్తాలోని బెంట్లీ పక్షము వేఱు. ఈ శాస్త్రమునకు ప్రాచీనత నొప్పుకొనిన మోషే చెప్పిన సృష్టిక్రమము చెడునని యాతడు భయపడెను. సూర్యసిద్ధాంతమును పదునొకండవ శతాబ్దికి దింపెను. మన పండితులు మతావేశముచేత కాలమును పొడిగించిరని పలుకువారు, ఆవలివారు అదే కారణముచేత దానిని కుదించిరని చెప్పుట మఱచుదురు.

1817లో జేమ్సుమిల్లు ప్రచురించిన భారత చరిత్రలో ఈ వివాదము రాజనీతిగ పరిణమించినది. ఆతడీ దేశమున నడుగుపెట్టలేదు. ఈ దేశభాషల నెఱుగడు. హిందువులకు చరిత్ర లేదని తీర్పు చెప్పి, దేశచరిత్రను హిందూ, మహమ్మదీయ, ఆంగ్లేయ విభాగములుగ నిలిపెను. మొదటి రెండు మతముల పేర్లు, మూడవది జాతి పేరు. క్రైస్తవయుగమని యనకపోవుటలో నున్న చమత్కారము గమనింపదగినది: పాలితుల కాలము మతమునకు కట్టుబడినది, పాలకుల కాలము మతము నతిక్రమించినదని సూచన. ఆతని కుమారుడు స్టూఅర్టు మిల్లు 1859లోను 1861లోను ప్రకటించిన గ్రంథములలో, కొన్ని జాతులు ఇంకను బాల్యావస్థయందున్నవి గాన వానికి స్వపరిపాలన తగదని వ్రాసెను. అప్పటికి కాలగణనము పంచాంగవిషయము గాక, అధికార మెవ్వరికి ఎప్పుడు ఈయవలెనను వ్యవహారమైనది. 'ఇంకను కాలేదు' అనుమాటకంటె బరువైన సంకెల వలసదేశములకు మఱొకటి లేదు.

అందఱును మిల్లువంటివారు కారు. జాన్ వారెన్ 1825లో మదరాసున 'కాలసంకలిత' మను పెద్దగ్రంథమును ప్రకటించి దక్షిణదేశీయుల గణనరీతులను వారి మార్గముననే వివరించెను. తెలుగువారికి చిరపరిచితుడగు బ్రౌను 1863లో కర్ణాటదేశ కాలక్రమమును గూర్చి గ్రంథము వ్రాసెను. దివాన్ బహదూర్ స్వామికన్ను పిళ్ళె పట్టికలు లేక నేటికిని శాసనపరిశోధకునకు చేయి ఆడదు.

హిందువులకు చరిత్ర లేదనుటకు చూపిన హేతువులలో నొకటి పురాణముల భవిష్యత్ప్రయోగము. మత్స్యవాయుపురాణములు నందులను, మౌర్యులను, ఆంధ్రరాజులను 'రాగలరు, ఏలగలరు' అని లృట్టుతో చెప్పినవి. గడచినదానిని రాబోవుదానిగ వ్రాయుట కపటమని పలువురు పాశ్చాత్యులు తలచిరి. ఇది వ్యాకరణదృష్టిలేమి. లకార నిర్ణయము వక్త యున్న కాలమును బట్టి యుండును గాని వ్రాయసకాని కాలమును బట్టి యుండదు. పురాణమున వక్త సూతుడు. ఆతడు పాండవవంశ్యుడగు అధిసీమకృష్ణుని కాలమున మాటలాడుచున్నట్లు చట్టము. ఆ చట్టములో తరువాతి రాజులందఱు భవిష్యత్తే. 1913లో పార్గిటరు ఈ వంశానుచరితములను కూర్చి ప్రకటించినపుడు ఆ భవిష్యద్రూపములను కపటమని త్రోసిపుచ్చక, గ్రంథపరిణామమునకు సాక్ష్యముగ వాడుకొనెను. ఇక వ్యాకరణమే కాలనిర్ణయమునకు సాధనమైన సందర్భమును కలదు. లోకమెఱిగినదియు, వక్త చూడకపోయినను చూడదగిన కాలమున జరిగినదియు నగు పనికి లఙ్ చెల్లునని చెప్పుచు పతంజలి యవనుడు సాకేతమును ముట్టడించుటను ఉదాహరించెను. గోల్డుస్టుకరు 1861లో ఈ యుదాహరణమును పట్టుకొని భాష్యకారుడు ఆ ముట్టడికి సమకాలికుడని వాదించెను. క్రీ. పూ. రెండవ శతాబ్ది మధ్యమున పతంజలిని నిలుపువారికి నేటికిని ఇదియొక ముఖ్యాధారము. పాఠశాలలో విద్యార్థి లఙ్లిట్టుల భేదమును వ్యర్థమని విసిగినపుడు పండితుడు ఈ సంగతిని చెప్పదగును.

వలసకాలపు లెక్కలను మొదలంట కాదనిన తెలుగుపండితులలో కోట వేంకటాచలముగారు ముఖ్యులు. గ్రీకులు చెప్పిన సాండ్రకోటసు మౌర్యచంద్రగుప్తుడని జోన్సు 1793లో చేసిన నిర్ణయమే తప్పనియు, అతడు గుప్తవంశీయుడనియు వారి వాదము. పాశ్చాత్యులు బైబిలు లెక్కకు లోబడి మన కాలమును కుదించిరను వారి యనుమానము నిరాధారము గాదు, పైని చూపబడినదే. కాని యనుమానము సాధనము కానేరదు. మౌర్యకాలమిప్పుడు జోన్సు మాటపై నిలిచియుండలేదు. అశోకుని పదుమూడవ శిలాశాసనమున అంతియోకుడు, తురమయుడు, అంతికిని, మగుడు, అలికసుందరుడు అను అయిదుగురు యవనరాజులు పేర్కొనబడిరి. వీరి కాలము వారివారి దేశముల చరిత్రచేత వేఱుగ సిద్ధించినది. ఆ శాసనసంపుటమునకు ప్రతి కర్నూలు మండలపు ఎఱ్ఱగుడి బండలపైనను కలదు. జోన్సును కొట్టివేసినను బండ నిలిచియుండును. విదేశీయుడు కనుగొనిన దగుటచేత నొక కాలము అసత్యము గాదు, స్వదేశీయ మగుటచేత సత్యము గాదు.

గడియారపు చరిత్ర పొట్టిది. మదరాసు నక్షత్రశాలయొక్క కాలము రైళ్లవలన దేశమంతట వ్యాపించెను. 1906 జనవరి 1వ తేదీనుండి 82½ అంశముల తూర్పురేఖ కాలము భారతదేశమునకు ప్రమాణమైనది. ఆ రేఖ కాకినాడకు తునికి నడుమ సముద్రతీరమును దాటును. బొంబాయివారు దీనిని పరప్రభుత్వపు నిర్బంధముగ తలచి తమ నగరకాలమును 1955 వఱకు విడువలేదు. నేడు తెలుగు పంచాంగములలో తిథ్యంతములు ఘటికావిఘటికలతో పాటు గంటలనిమిషములలోను ముద్రింపబడుచున్నవి. ఆ గంటలు 1906 నాటివే. వానిని చూచి శ్రాద్ధకాలమును నిర్ణయించు గృహస్థునకు అందు పరాయితనము తోపదు.

ఇక మతరహితకాలమను భావన. ఆంగ్లేయులు 'సెక్యులర్' అనుమాటకు మూలమగు లాటిను 'సేక్యులమ్' శబ్దమునకు తరము, యుగము అని యర్థము. క్రైస్తవులు దానిని శాశ్వతత్వమునకు ఎదురుగ ఈ లోకపు కాలమునకు వాడిరి. మన సంవిధానమున 1976లో 42వ సవరణచేత ఆ మాట చేరగా, తెలుగున దానికి 'లౌకిక' యను శబ్దము వాడబడుచున్నది. వారి శబ్దము కాలమునుండి పుట్టినది, మనది లోకమునుండి పుట్టినది. పాణిని కాలనిర్ణయమున లోకమును ప్రమాణము చేసినాడన్నది తలచిన, ఈ యనువాదము తెలియక చేసినను చక్కగ కుదిరినది.

మతమును తొలగించుటకై కాలమును తిరుగవ్రాసిన రాజ్యములును కలవు. ఫ్రాన్సు విప్లవకారులు 1793లో క్రీస్తుశకమును విడిచి, గణరాజ్యావిర్భావమునుండి ఏండ్లను లెక్కించి, పది దినముల వారమును పెట్టిరి. పదిదినముల కొకమాఱు విశ్రాంతి పనివారికి రుచింపలేదు. నెపోలియను 1806 జనవరి 1వ తేదీనుండి దానిని రద్దుచేసెను. సోవియటు ప్రభుత్వము 1929లో ఆదివారము లేని అయిదుదినముల వారమును తెచ్చి, 1940లో ఏడుదినముల వారమునకే మరలినది. తురుష్కరాజ్యము 1926లో క్రీస్తుశకమును చేపట్టి నిలుపుకొనగలిగినది. అది మతముక్తమని వారు తలచిరి. క్రీస్తుశకమునకు మొదలు క్రీస్తు జననమేగదా.

మన దేశమున 1947 ఆగస్టు 14వ తేదీ రాత్రి సంవిధానసభ కూడి, అర్ధరాత్రమున ప్రతిజ్ఞ చేసెను. ఆంగ్లగణనమున అది 15వ తేదీ. ఉదయాత్పూర్వ మగుటచేత పంచాంగమున నింకను ముందటి దినమే. సర్వజిన్నామ సంవత్సరపు ఆ రాత్రి రెండు లెక్కల సంధియందు పడినది. అర్ధరాత్రారంభము కేవలము ఆంగ్లేయమని యెంచరాదు. ఉభయతః అర్ధరాత్రములతో గూడిన దినమును కాశికాకారు డెఱుగును, సూర్యసిద్ధాంతము కల్యాదిని లంకార్ధరాత్రమునుండియే గణించును, ఆర్యభటీయము ఉదయమునుండి. ఔదయికార్ధరాత్రిక పక్షములు రెండును మనవే. 1949 నవంబరు 26న అంగీకృతమైన సంవిధానమునకు హిందీ పాఠమున ఆంగ్లతేదీ పిమ్మట మార్గశీర్ష శుక్ల సప్తమి, విక్రమసంవత్సరము 2006 అనియు గలదు. అప్పటికి లౌకికరాజ్యమునకు తన శకమేదో తేలలేదు.

1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను పంచాంగసంస్కరణ సంఘము నియమింపబడినది. 1955లో నివేదికను సమర్పించెను. దేశమున అప్పుడు సుమారు ముప్పది పంచాంగరీతులు వాడుకయందుండెను. సంఘముయొక్క ముఖ్యాక్షేపము గణితమునకు సంబంధించినది. సూర్యసిద్ధాంతపు వర్షము ఋతువర్షముకంటె సుమారు 24 నిమిషములు పెద్దది. అరువదేండ్లకు ఒక దినము తేడా వచ్చును. వరాహమిహిరుని నాటినుండి నేటికి ఈ తేడా ఇరువదిమూడు దినములకు పైబడినది. ఉత్తరాయణము నిజముగ డిసెంబరు 22న కాగా మకరసంక్రాంతిని జనవరి నడుమ చేయుచున్నాము. దీనిని దిద్దుటకు సంఘము విషువత్తు మఱునాటిని, మార్చి 22ను, చైత్రము 1గ నిర్ణయించెను. అధికవర్షమున మార్చి 21. శకాబ్దమును గ్రహించెను. వ్యవహారదినము అర్ధరాత్రమునుండి, ధర్మదినము ఉదయమునుండి అని విభాగించెను. పండుగల విషయమున మాత్రము మొగమాటపడి, అయనాంశమును 23 అంశముల 15 కలలుగ స్థిరపఱచి, పండుగలు ఉన్నచోటనే యుండునట్లు, ఇకముందు మాత్రము జరుగకుండునట్లు చేసెను. సాయనవాదులకు ఇది చాలలేదు. నిరయనవాదులకు ఇది హెచ్చయ్యెను.

ఎన్నుకొన్న శకమును గూర్చి యొకమాట. విక్రమాబ్దము గుజరాతాది ప్రాంతములది, కలి మతగ్రంథములది, హిజరీ యొక మతమునది. శకాబ్దము జ్యోతిష్కులందఱకు సమ్మతమైన గణితాబ్దము. పరదేశజాతి పేర నుండి, లోకమువలన స్వదేశియై, మతచిహ్నము లేనిదగుటచే దానినే స్వతంత్రరాజ్యము వరించినది. ఇంతకంటె తగిన యెన్నిక దొఱకదు. నెలల విషయమున నీ యౌచిత్యము కనబడదు. 1957 మార్చి 22వ తేదీన శకము 1879, చైత్రము 1 అని రాజపత్రము ప్రకటించెను. ఆనాడు తెలుగు పంచాంగములలో ఫాల్గుణ బహుళము. దుర్ముఖినామ సంవత్సర మింకను గడువలేదు. హేవిళంబి ఉగాది మఱి సుమారు పది దినముల పిమ్మట వచ్చినది. చంద్రునితో కూడిన నెలపేరును చంద్రుని విడచిన నెలకు పెట్టుటచేత, చైత్రమన్న మాట రాజపత్రమున నొక యర్థమును, ఇంటి గడపలో నొక యర్థమును పొందినది. చిత్రానక్షత్రయుక్త యగు పూర్ణిమ గలది చైత్రమని తద్ధితవ్యుత్పత్తి. సంఘమునందు గణితజ్ఞులకు కొఱతలేదు. ఈ వ్యుత్పత్తిని మాత్ర మెవ్వరును గణింపలేదు. క్రొత్త నెలలకు క్రొత్త పేర్లు పెట్టియున్న చిక్కు కొంత తగ్గియుండెడిది.

రాజపత్రమునందును, ఆకాశవాణియందును, ప్రభుత్వపు కాలపట్టికలయందును ఈ తేదీ నిలిచినది. జనవ్యవహారమునకు క్రీస్తుశకమును, పన్నునకు ఫసలీయు, వ్రతమునకు తిథియు నడచుచున్నవి. పురోహితుడు సంకల్పమున శ్వేతవరాహకల్పము మొదలుకొని నాటి తిథివఱకు దిగివచ్చి, కలియుగమును ప్రథమపాదమును చెప్పి, శాలివాహనశకమునుగూడ పేర్కొనును. రాజపత్రపు చైత్రమును పేర్కొనడు. కలకత్తాలోని ప్రభుత్వ ఖగోళస్థాన కేంద్రము ప్రతియేట రాష్ట్రీయ పంచాంగమును తెలుగుతో సహా పలుభాషలలో ప్రకటించుచున్నది. లౌకికరాజ్యపు కార్యాలయమున కూర్చున్న గణకుడు ఏకాదశి యెన్నిగంటలకు ముగియునో, శివరాత్రి ఏనాడో నిర్ణయించుచున్నాడు. ఆ నిర్ణయమును సిద్ధాంతిగారు తన పూర్వపద్ధతితో పోల్చి, తేడా వచ్చినచోట తన లెక్కనే ముద్రించుచున్నారు.